పడవకు కళాయి

"ఇకమీదట మన ప్రభుత్వంలో తుప్పు అన్న మాట వినపడదు. వినపడితే దానికి పూర్తి బాధ్యత ఆ తుప్పుదే!"

జలరవాణా మంత్రిగారు విలేకరుల సమావేశంలో ఈ చరిత్రాత్మక ప్రకటన చెయ్యగానే ముందుగా మోగినవి చప్పట్ల బాబాయి చేతులు. పార్టీలో ఆయనకు వేరే పదవి లేదు, ఇదే పదవి. మంత్రిగారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా చప్పట్లు కొడతాడు, తుమ్మినా కొడతాడు. ఆ తర్వాత కొట్టినవాడు మంత్రిగారి పీఏ. ఆయన మాత్రం మనస్ఫూర్తిగా కొట్టాడు. ఆ హాల్లో మనస్ఫూర్తిగా కొట్టినవాడు బహుశా ఆయనొక్కడే.

దానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో ఆఫీసులన్నీ ఇటు ఒడ్డున, పెద్దాస్పత్రి అటు ఒడ్డున. మధ్యలో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ. పీఏ గారి భార్య ఆ ఆస్పత్రిలో నర్సు. పొద్దున్నే ప్రభుత్వం వారి మోటారు పడవలో వెళ్ళి, సాయంత్రం అదే పడవలో ఇల్లు చేరేది. ఉప్పుగాలికి పడవలో కరెంటు తీగలు పాడైపోయాయి. మొదట లైట్లు పోయాయి. ఫరవాలేదు, పగలే కదా అన్నారు. హారన్ పోయింది. పడవ నడిపే సరంగుకు గొంతుంది కదా అన్నారు. తర్వాత నీళ్ళు తోడే పంపు పోయింది, ఆఖరికి మోటారే పోయింది. ఇక దానికి మాత్రం ఎవరూ ఏమీ అనలేకపోయారు. పడవను తీసుకెళ్ళి రేవులో కట్టేశారు.

అప్పటినుంచి నర్సమ్మ అవతలి ఒడ్డున హాస్టల్లో ఉంటోంది. ఆదివారం మాత్రం ఎక్కడో ఉన్న వంతెన మీదుగా బస్సులు మారి మారి వచ్చి, ఇల్లు ఊడ్చి, ఫ్రిజ్ నింపి, మళ్ళీ బస్సుల కోసం పరుగెత్తుతుంది. మిగతా రోజులు పీఏ గారి వంట పీఏ గారిదే. బంగాళాదుంపల్ని బొగ్గులుగా మార్చడంలో ఆయన ఇప్పటికే మంచి ప్రవేశం సంపాదించాడు. రాత్రి ఆ బొగ్గుల్ని పళ్ళెంలో పెట్టుకుని ఎదుటి ఖాళీ కుర్చీని చూస్తే ఆయనకు ఏడుపొచ్చేది. భార్య ఇంటికి రావాలంటే పడవ కదలాలి, పడవ కదలాలంటే మంచి తీగ పడాలి. ఇంతకన్నా ఆయనకు రాజకీయాలతో పని లేదు.

మర్నాడు మంత్రిగారి గదికి ఇంజినీరమ్మ వచ్చింది. పడవలోంచి పీకిన తీగ ముక్కను కవరులోంచి తీసి బల్లమీద పెట్టింది. తీగ కొసన ఆకుపచ్చటి పొడి రాలింది.

"చూడండి సార్, ఎంత చిలుము పట్టిందో!"

"తుప్పు అనమ్మా," అన్నారు మంత్రిగారు.

"తుప్పు ఇనుముకు పడుతుంది సార్. ఇది రాగి. రాగికి పట్టేది చిలుము."

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "నిన్న మనం ఏమన్నాం?"

"తుప్పన్నాం సార్."

"పేపర్లో ఏమొచ్చింది?"

"తుప్పనే వచ్చింది సార్. పెద్దక్షరాల్లో."

"చూశావా అమ్మా! పేపర్లో వచ్చాక తుప్పు తుప్పే. ఇప్పుడు నేను వెళ్ళి చిలుము అన్నాననుకో, మంత్రికి తుప్పుకీ చిలుముకీ తేడా తెలీదని ప్రతిపక్షం వాళ్ళు నోటికొచ్చినట్టు ప్రచారం చేస్తారు."

ఇంజినీరమ్మ ఏదో అనబోయి, ఇంకా తీరని ఇంటి లోను గుర్తొచ్చి మింగేసింది.

"సరే, విరుగుడేమిటో చెప్పు."

"మామూలు రాగి తీగ ఉప్పుగాలికి ఆగదు సార్. సన్నటి పోగులు పేనిన తీగ కావాలి, ప్రతి పోగుకూ కళాయి ఉండాలి. కొసల్లోకి తడి చొరకుండా మూసెయ్యాలి. ముఖ్యం మాత్రం కళాయే. కళాయి లేకపోతే పడవలో ఏ తీగా నిలబడదు."

మంత్రిగారు తల పంకించారు. వారి తల పంకింపులో ఒక గొప్పతనం ఉంది. విషయం ఎంత తక్కువ అర్థమైతే తల అంత కిందికి వెళ్ళి వస్తుంది. ఈసారి గడ్డం బల్లకు తగిలింది.

"రాసుకోవయ్యా. పడవకు కళాయి తప్పనిసరి."

పీఏ రాసుకున్నాడు.

మంచి పని ఏదైనా సంఘం వెయ్యకుండా మొదలవ్వదు కనక 'కళాయి తీగ ఎంపిక సంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు చప్పట్ల బాబాయి. ఆయనను ఎందుకు వేశారని అడిగినవాళ్ళ నోళ్ళు మంత్రిగారే మూయించారు. బాబాయికి బస్టాండు పక్కన హోటలుంది. పాతికేళ్ళుగా కళాయిలతోనే బతుకు. పార్టీలో అంత అనుభవం ఇంకెవరికుంది? సభ్యుడిగా బాబాయి తన అల్లుణ్ణి వేసుకున్నాడు. అల్లుడికి అనుభవం లేదు. అందువల్ల పక్షపాతం కూడా ఉండదని బాబాయి వాదన.

మొదటి సమావేశంలో నోట్స్ రాయడానికి పీఏ కూర్చున్నాడు. సాంకేతిక సలహాలకు ఇంజినీరమ్మ వచ్చింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ముందు తేలాల్సింది, లోతైనది కావాలా, వెడల్పుది కావాలా?"

"ఏది?" అంది ఇంజినీరమ్మ.

"ఏదేమిటమ్మా, కళాయి! పడవ అటూ ఇటూ ఊగుతుంది కదా. లోతైనదే మంచిదని నా ఉద్దేశం. చెవులు మాత్రం రెండూ ఉండాలి. ఒంటిచెవి కళాయి నీళ్ళమీద పనికిరాదు."

"మామయ్యా," అన్నాడు అల్లుడు, "నాన్‌స్టిక్ తీసుకుంటే ఉప్పు అంటుకోదు కదా!"

బాబాయి కళ్ళు చెమర్చాయి. "అందుకే కదరా నీకు పిల్లనిచ్చింది!"

పీఏ కలం ఆగిపోయింది. ఇంజినీరమ్మ చెప్పిన కళాయి తీగకు పట్టించే తగరం పూత. బాబాయి ఆలోచిస్తున్న కళాయి పొయ్యిమీద పెట్టేది. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఒకరు ఇంజనులో ఉన్నారు, ఒకరు వంటింట్లో ఉన్నారు.

"అయ్యో, కళాయి అంటే పూతండీ!" అని ఇంజినీరమ్మ లేచి నిలబడింది. "రాగి మీద తగరం పూత! వెనకటికి ఇత్తడి గిన్నెలకు వేయించేవాళ్ళు చూడండి, అదీ!"

"పూతా?" బాబాయి కూడా లేచాడు. "అమ్మా, పైపై పూతలు పూసి జనాన్ని మాయ చేసింది పాత ప్రభుత్వం. మాది పైపూతల ప్రభుత్వం కాదు!"

ఈ మాట ఇంత బాగా వస్తుందని ఆయన కూడా అనుకున్నట్టు లేదు. తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు. సాయంత్రానికి ఆ వాక్యం మంత్రిగారి చెవిన పడింది, మర్నాటికి గోడలెక్కింది. 'మాది పైపూతల ప్రభుత్వం కాదు' అని మంత్రిగారి నవ్వుమొహం పక్కన రాసి ఉంటే చూడముచ్చటగా ఉంది. ఇక పూత తీగ కొనడమంటే గోడమీద మాటను కాదనడమే. కాబట్టి పూత లేని స్వచ్ఛమైన తీగ, దాంతోపాటు చెవులున్న పెద్ద కళాయి ఖాయమయ్యాయి. ఇంజినీరమ్మ బాగా అలిసిపోయిందని గుర్తించి, ఆమె అడక్కముందే సెలవు మంజూరు చేశారు.

వెళ్ళేముందు ఆమె పీఏ బల్ల దగ్గర ఆగింది. "సార్, మీకు అర్థమైంది కదా? మీరైనా ఒక్క మాట చెప్పండి."

ఆ మాట పీఏ నాలుక చివరిదాకా వచ్చింది. బయటికొస్తే ఫైలు వెనక్కి పోతుంది. ఫైలు వెనక్కి పోతే కొత్త సంఘం, కొత్త కళాయి, ప్రారంభోత్సవం వాయిదా. ఇంట్లో గిన్నె అడుగున అంటుకుపోయిన బొగ్గులు ఆయన కళ్ళముందు మెదిలాయి.

"చూద్దామమ్మా," అన్నాడు. ఆఫీసుల్లో చూద్దామంటే కళ్ళు మూసుకుందామని అర్థం. ఆమెకు ఆ భాష తెలుసు, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, పడవ వస్తోందట కదా! వార్డంతా అదే మాట."

"వస్తోంది. నీకు ఇంకో మంచి వార్త. మొదటి ప్రయాణికురాలివి నువ్వే. మంత్రిగారు ఇటునుంచి వచ్చి స్వయంగా నిన్ను ఎక్కించుకుంటారు. ఫోటో కూడా ఉంటుంది."

"ఫోటో సంగతి సరే. తీగ మంచిదేనా?"

"తుప్పు పట్టదు."

"నేనడిగింది అది కాదండీ."

"మంత్రిగారే దగ్గరుండి ఎంపిక చేస్తున్నారు."

"వేళకు తినండి" అని పెట్టేసింది.

తర్వాత తీగకు పరీక్ష పెట్టారు. ఉప్పునీళ్ళలో నానబెట్టి చూడాలని రూలు. మంత్రిగారి గదిలోనే టబ్బు పెట్టి, తీగ చుట్టను అందులో ముంచారు. అంతా సిద్ధమయ్యాక ఒక చిక్కు వచ్చింది. మంత్రిగారికి బీపీ. ఉప్పు దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందువల్ల మినరల్ వాటరు పోశారు. తీగ దివ్యంగా నిలబడింది. ఎక్కడా తుప్పు లేదని బాబాయి ధ్రువీకరించాడు. ఆ మాట నిజమే. ఆ తీగను సముద్రంలో పడేసినా తుప్పు పట్టేది కాదు, రాగి కదా.

పడవలో తీగలు పరిచారు. రేవులో ఉప్పుగాలికి కొన్నాళ్ళు ఊగాక పీఏ ఒకరోజు మనసాగక వెళ్ళి, స్విచ్చుల పెట్టె మూత తీసి చూశాడు. తీగల కొసలన్నీ పచ్చగా ఉన్నాయి. ఈసారి కళ్ళు మూసుకోలేకపోయాడు. పరుగున వెళ్ళి మంత్రిగారిని వెంటబెట్టుకొచ్చాడు. మంత్రిగారు వంగి చూశారు. వెనకాల బాబాయి కూడా వంగాడు.

"ఇది మన జెండా రంగు కదయ్యా!" అన్నారు మంత్రిగారు.

"సార్," అన్నాడు బాబాయి పరవశంగా, "తీగ కూడా పార్టీలో చేరిపోయింది సార్!"

"బలవంతం ఏమైనా చేశారా?"

"లేదు సార్. స్వచ్ఛందంగానే."

మంత్రిగారు తీగ కొసను ఆప్యాయంగా నిమిరారు. విలేకరుల్ని పిలిపించి, వేలికంటిన పచ్చదనాన్ని వాళ్ళకు చూపించి, పాత ప్రభుత్వంలో ఏ తీగకైనా ఇంత చైతన్యం ఉందా అని సవాలు చేశారు. వాళ్ళు రాసుకున్నారు. పీఏ కూడా రాసుకున్నాడు.

శుక్రవారం ప్రారంభోత్సవం. రేవంతా జనం, బ్యాండు, కుర్చీలు. పడవ ముందుభాగాన నాన్‌స్టిక్ కళాయిని మరలతో బిగించి రిబ్బను కట్టారు. అదెందుకని ఎవరో అడిగితే, ఫైల్లో ఉంది అని సమాధానం వచ్చింది. అడిగినవాడు తృప్తిపడి కూర్చున్నాడు. మంత్రిగారు, బాబాయి, అల్లుడు, పీఏ ఎక్కారు. సరంగు దండం పెట్టుకుని మోటారు స్టార్టు చేశాడు. మోటారు కదిలింది! పీఏకు ఒళ్ళంతా పులకరించింది. అటు ఒడ్డున, మెట్లమీద, చేతిలో సంచీతో చిన్నగా కనపడుతోంది ఆయన భార్య. నీలం చీర. ఇంకాసేపట్లో ఆమె ఈ బల్లమీద తన పక్కన కూర్చుంటుంది. అన్నం ఆమే వండక్కర్లేదు, మాడిందైనా ఇద్దరూ కలిసి తింటే చాలు అనుకున్నాడు.

పాయ మధ్యకు రాగానే మంత్రిగారు హారన్ కొట్టమన్నారు. సరంగు నొక్కాడు. హారన్ 'కుయ్' అని మూలిగి ఊరుకుంది. దాంతోపాటు మోటారూ ఊరుకుంది. స్విచ్చుల పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది.

"అయ్యా, తీగలు పోయాయండి," అన్నాడు సరంగు.

"తుప్పా?" మంత్రిగారి మొహం పాలిపోయింది.

"కాదండి, చిలుము."

"అమ్మయ్య!" అన్నారు మంత్రిగారు.

పడవ అడుగున పాత అతుకుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. మామూలుగా అయితే పంపు తోడిపోసేది. ఇప్పుడు తీగలతోపాటు పంపూ పోయింది. నీళ్ళు చెప్పుల్లోకొచ్చాయి, తర్వాత చీలమండలకొచ్చాయి. "ఏదో ఒకటి పట్టుకుని తోడండి!" అని సరంగు కేకపెట్టాడు. అల్లుడు మరలు ఊడదీశాడు. మామ ఒక చెవి, అల్లుడు ఒక చెవి పట్టుకుని కళాయితో నీళ్ళు ఎత్తిపోయడం మొదలుపెట్టారు. బాగా లోతైన కళాయి కనక పని చకచకా సాగింది.

మంత్రిగారు గర్వంగా చూశారు. "చూశావటయ్యా? ఆ ఇంజినీరమ్మ పూత పూత అని గోల పెట్టింది. ఇప్పుడు పూతతో నీళ్ళు తోడగలమా?"

పీఏ అటు ఒడ్డుకేసి చూశాడు. ఇంకాస్త దూరం సాగి ఉంటే ఈ పడవలో ఆమె కూడా ఉండేది. తనే పిలిచాడు, తనే ఫోటో ఉంటుందన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో అటువైపు నుంచి ఒక తెడ్ల పడవ వస్తూ కనిపించింది. చేపలు పట్టే పడవ. తెడ్లు వేస్తున్నది నల్లటి, గట్టి మనిషి, పడవామె. ముందు కూర్చున్నది నీలం చీర.

"ఏమండీ! మీకేమీ కాలేదు కదా?"

పీఏ తల అడ్డంగా ఊపాడు.

తెడ్ల పడవ పక్కకు వచ్చి ఆనింది. ఎక్కబోతూ బాబాయి ఆగాడు. "సార్, ఒక ఇబ్బంది. తెడ్ల పడవల్లో చేపల్ని తప్ప మనుషుల్ని ఎక్కించరాదని మన శాఖదే ఉత్తర్వు ఉంది."

"మనుషుల్ని అన్నాం," అన్నారు మంత్రిగారు పంచె ఎత్తిపట్టుకుంటూ. "మంత్రుల్ని అనలేదుగా." ముందు వారే ఎక్కారు. అందరూ ఎక్కాక లంగరు వేసి సరంగు కూడా అందులోకి దిగాడు.

పడవామె ఇటు ఒడ్డుకేసి తెడ్లు వేసింది. మంత్రిగారు కాసేపు పడవను అటూ ఇటూ పరిశీలించారు.

"అమ్మా, దీంట్లో తీగలెక్కడున్నాయి?"

"తీగలా? లేవండి."

"ఒక్కటి కూడా?"

"దేనికండీ?"

మంత్రిగారు తీవ్రంగా ఆలోచించారు. "తీగే లేదంటే, ఇక తుప్పు..."

"ప్రశ్నే లేదు సార్!" అన్నాడు బాబాయి.

"ఏమయ్యా పీఏ, తీగ లేనిదాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"వైర్‌లెస్ సార్," అన్నాడు పీఏ, ఏదో ధ్యాసలో. అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మంత్రిగారి కళ్ళు మెరిశాయి.

ఒడ్డుకు దిగీ దిగకముందే విలేకరులు చుట్టుముట్టారు. మంత్రిగారు చెయ్యెత్తారు.

"మొదటి దశ విజయవంతం! పడవలో ఎక్కడా తుప్పు లేదని నేను కళ్ళారా చూసి వచ్చాను. ఇక రెండో దశ. ప్రపంచమంతా ఎటు పోతోంది? వైర్‌లెస్ వైపు పోతోంది. మనం వెనకబడతామా? ఇదిగో, వైర్‌లెస్ పడవ! ఎంపికకు సంఘం వేస్తున్నాం, బాబాయిగారే అధ్యక్షులు. నివేదిక వచ్చేదాకా ఈ నమూనాను ఇక్కడే సీలు వేసి భద్రపరుస్తాం!"

"సీలేంటండీ, నా పడవకి!" అంది పడవామె. ఎవరూ వినిపించుకోలేదు. అల్లుడు తాళం కోసం పరుగెత్తాడు.

పీఏ పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నట్టే ఇటు ఒడ్డున, చేతికందేంత దగ్గర్లో.

"ఇంటికైతే వచ్చేశాను," అందామె. "బాగానే ఉంది. రేపు పొద్దున డ్యూటీకి ఎలా వెళ్ళాలి? వార్డులో పిల్లలు నాకోసం చూస్తుంటారు."

అంతలో మంత్రిగారు పీఏను కేకేశారు. "ఏమయ్యా, రాస్తున్నావా లేదా? సంఘం పేరు వైర్‌లెస్ పడవ ఎంపిక సంఘం!"

పీఏ చెయ్యి అలవాటుగా జేబులోని కలం మీదికి పోయింది. భార్య ఆ చేతిని చూసింది.

"రాయండి, రాయండి. రాయడం మీకు బాగా వచ్చుగా." కోపంగా అనలేదు, మామూలుగానే అంది. సంచీ భుజానికి తగిలించుకుని గబగబా వెళ్ళి పడవలో కూర్చుంది. "అక్కా, సంఘం వెయ్యకముందే పోదాం పద!"

పడవామె మళ్ళీ చెప్పించుకోలేదు. ఒక్క తోపు తోసి ఎక్కేసింది.

పీఏ కలం తీశాడు. మూత కూడా తీశాడు. తర్వాత ఆ కలాన్ని, కాగితాలను బాబాయి చేతిలో పెట్టి, చెప్పులతోనే నీళ్ళల్లోకి దూకాడు. మోకాళ్ళదాకా తడిసి, పడవ అంచు పట్టుకుని, బోర్లాపడి లోపలికి దొర్లాడు. భార్య చీరకొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"సార్! నమూనా పోతోంది!" అని బాబాయి అరిచాడు. "సార్, పీఏ కూడా పోతున్నాడు!"

కెమెరాలన్నీ నీళ్ళవైపు తిరిగాయి. మంత్రిగారికి తడుముకోవడమంటే తెలీదు.

"పోవడమేమిటయ్యా, నేనే పంపిస్తున్నాను! వైర్‌లెస్ పడవ తొలి ప్రయాణం! చప్పట్లు!"

బాబాయి అందుకున్నాడు. బ్యాండువాళ్ళు కూడా అందుకున్నారు. నీళ్ళమీద మాట బాగా వినపడుతుంది. ఆ హోరు కాస్త తగ్గాక ఒక విలేకరి అడగడం పడవలో అందరికీ వినపడింది.

"అయితే సార్, మీ పీఏగారు రాజీనామా చేసినట్టేనా?"

"రాజీనామా ఏమిటయ్యా," అన్నారు మంత్రిగారు, తడిసిన పంచె అంచు పిండుకుంటూ. "అది రవాణా."